ఆకు మీది గ్రనడిల్లా గ్లాసు

అవోకా పేటలో ప్రేమీ వంటకి వంక పెట్టినవాళ్లు లేరు. ఆ సంగతి ఆవిడే నలుగురికీ చెప్పుకునేది. అలాంటి మనిషి ఒక్క గ్లాసు పళ్లరసం దగ్గర బోల్తా పడింది.

ఆవిడ మొగుడు మెర్విన్, అన్ని రంగుల జనమూ మొదటిసారి ఒకే వరసలో నిలబడి ఓటేసిన ఏడాది, చలికాలంలో పోయాడు. శనివారం వచ్చిందంటే పుల్లటి గ్రనడిల్లా పళ్లు కోసి, గింజలు వడగట్టి, అనాసరసం కలిపి, అందులో కేన్ పోసుకునేవాడు. కేన్ అంటే తెల్లటి చెరుకు సారా. "పళ్లరసమేగా, కాస్త రుచి చూడు ప్రేమీ" అనేవాడు. ఆవిడ మూతి తిప్పుకుని పోయేది. ఏది ఎంత పోస్తున్నాడో ఏనాడూ తొంగిచూడలేదు.

ఇప్పుడు ఏడాది తిథి వచ్చింది. పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టాలి, సిగరెట్టుతో సహా. ఆ గ్లాసు లేకపోతే ఆయన ఆకు వైపే చూడడని ప్రేమీకి తెలుసు. ఏది తప్పినా అది తప్పకూడదనుకుంది.

చిక్కల్లా ఏమిటంటే, పెద్దలకి పెట్టేది ముందుగా ఎంగిలి చేయకూడదు. కూరయితే చేతికే తెలిసిపోతుంది. సారా సంగతి చేతికేం తెలుసు?

ఎవరూ గుర్తుపట్టకుండా మొహం నిండా కొంగు కప్పుకుని సారా కొట్టుకెళ్లింది. "బాగున్నారా ప్రేమీ ఆంటీ?" అన్నాడు కొట్టువాడు.

ఇంటికొచ్చి రసం తీసి, కేన్ ఒక మూతెడు పోసింది. ఇంతేనా అని ఆయన నవ్వుతాడేమోనని ఇంకో మూతెడు పోసింది. చెయ్యి తిరిగిన వంటగత్తె కదా, ఆ చెయ్యే ఉప్పుడబ్బాలోకి పోయి, పులుసులో వేసినట్టు వేసేసింది. వేసినట్టు ఆవిడకే తెలీదు.

పెరట్లో ఆకు పెట్టి, కాకి కోసం అందరూ పక్కకి తప్పుకున్నారు. కాకి రాలేదు. గోడ దూకి కోతి వచ్చింది. ఒక చేత్తో గారె పట్టుకుని, ఇంకో చేత్తో గ్లాసెత్తి ఒక్క గుక్క తాగి, తుపుక్కున ఉమ్మేసి, గ్లాసు గులాబీల్లోకి విసిరికొట్టింది.

మరిది ప్రెగ్గీ కడుపు పట్టుకుని నవ్వాడు. "వదినా, అన్నకి నచ్చలేదే!"

"నోర్ముయ్. కోతికేం తెలుసు?"

ప్రెగ్గీ జగ్గులో మిగిలింది నోట్లో పోసుకున్నాడు. "కోతికే తెలుసొదినా. ఇది రసం కాదు, సముద్రం."

కూతురు యషికా, "పోనీలేమ్మా, డబ్బా జ్యూసు పెట్టేద్దాం" అంది.

ప్రేమీ మళ్లీ పళ్లు కోసింది. "ఈసారి రుచి చూసే కలుపుతా. మీ నాన్న నా ఎంగిలి తిననివాడేం కాదు."

ఒక చెంచాడు నోట్లో వేసుకుంది. గొంతు భగ్గుమంది. అనాసరసం పోసి చూసింది. తీపెక్కువైందని కేన్ పోసింది. పులుపు చాల్లేదని గ్రనడిల్లా పిండింది. పోసినప్పుడల్లా చూడాలిగా మరి.

"చాలొదినా, కుదిరింది!"

"ఉండవయ్యా. ప్రతి శనివారం రమ్మని పిలిచాడు మీ అన్న. వెళ్లానా నేను, మహా పతివ్రతని!"

ఆకు దగ్గరికి చేరేసరికి గ్లాసు సగమే ఉంది. ప్రేమీ కాస్త తూలి, కింద కూర్చుని, గ్లాసు ఆకు పక్కన పెట్టింది.

"ఇదిగో, మీ సగం" అంది.