కస్తూరమ్మ అడిగిన పాఠం

ఎమ్మిగనూరులో నేతపని చేసే కస్తూరమ్మది పెద్ద గొంతు. ఇరవై ఏళ్లుగా మగ్గం చప్పుడును మించి మాట్లాడి మాట్లాడి, మెల్లగా చెప్పడం మరిచిపోయింది. ఆమె పక్కింటావిడతో అన్న మాట నాలుగో ఇంటికి వినిపిస్తుంది. మొన్న బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. వయసొచ్చేటప్పుడు ఒంట్లో కలిగే మార్పుల గురించి ఆడపిల్లలకు మాత్రం డాక్టరమ్మతో పాఠం చెప్పిస్తామని హెడ్మాస్టరు నేల చూస్తూ అన్నాడు. కస్తూరమ్మ లేచింది.

"మగపిల్లోల్లకూ సెప్పియ్యండి సార్. నాకిద్దరు కొడుకులుండారు. ఆడపిల్లను సూసి ఎగతాళి సేయగూడదని వాళ్లు యాడ నేర్సుకోవల్ల?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కూర్చోలేదు.

"సరేనమ్మా, అందరికీ చెప్పిద్దాం" అన్నాడు హెడ్మాస్టరు.

వరండాలో పిల్లలు నవ్వుతూ "ఎవరి అమ్మరా?" అని ఆరా తీశారు. ఎనిమిదో తరగతి వీరేష్ వాళ్ల మధ్యలోంచి ముందుకొచ్చాడు.

"మా యమ్మ" అన్నాడు, తల దించకుండా.