నీలం పలక, పాత చీర పేలిక

చంద్రయ్య వీరుడేం కాదు. నాచారంలో సైన్యం కోసం పనిచేసే ఒక లేజర్ ప్రయోగశాలలో టెక్నీషియన్. ఒకరోజు పని మధ్యలో రక్షణ అద్దాలు కాస్త పైకి లేపాడు. కనిపించని వెలుగు ఎడమ కంటి నడుమ కాల్చి మచ్చ చేసింది. తోటివాళ్లు దేశసేవ అన్నారు. అనడానికేం, వాళ్ల కళ్లు బాగానే ఉన్నాయి. చిల్కానగర్ ఇంట్లో భార్య ఉప్పలమ్మ మాత్రం అప్పుడప్పుడు అతని కుడికన్ను అరచేత్తో మూసి అడిగేది: "నా ముక్కుపుల్ల కనవడ్తున్నదా?"

"మస్తు మెరుస్తున్నది" అనేవాడు. అబద్ధం.

1999 వేసవిలో కంటికి ముప్పు తక్కువగా ఉండే కొత్త లేజర్ పని మొదలైంది. అందులో చేరతావా, స్టోర్స్‌కు పోతావా, రేపటికల్లా చెప్పమన్నారు. అతని ప్రాణమంతా ఆ పని మీదే. కానీ ఉప్పలమ్మ వద్దంటే పోడు.

సాయంత్రం ఆమె చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన చేరాడు.

"కొత్తదాంట్ల గోరంత నీలం పలక ఉంటది. వెలుగును మింగుతది, మింగుతది. ఇగ పట్టదన్నప్పుడు తేటైతది. లోపల ఆగిందంత ఒక్కపారి బయటవడ్తది. దానికి వైరు లేదు, స్విచ్ లేదు."

"నా లెక్కనే అన్నట్టు. మరి కండ్లకేం గాదా?"

ఏం గాదంటే చాలు, పొమ్మనేది. ఆ మాట చంద్రయ్య నోటిదాకా వచ్చి ఆగింది.

"పాతదాని లెక్క కంటి లోపలిదాంక పోదు. గని దగ్గర తగిల్తే పైపొర కాల్తది. అద్దాలు పెట్టాల్సిందే."

ఆమె అతని కుడికన్ను మూసింది. "ముక్కుపుల్ల?"

"లేదు. కమ్మలున్నయి. నడుమ నీ ముఖం లేదు."

"నాకెప్పుడో ఎరుకే!" ఉప్పలమ్మ చెయ్యి తీసేసింది. "పుల్ల తీసేసి అడిగినప్పుడు గూడ మెరుస్తున్నదంటివి! ఆ దినం అద్దాలెందుకు లేపినవ్? గది చెప్పు."

"చెమట. కండ్లల్లకు కారుతుండె."

"చెమటకా! నా మొగని కన్ను వోయింది చెమటకా!" చిక్కుడుకాయలు నేలంతా చెల్లాచెదరయ్యాయి. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఒక్కటొక్కటే ఏరుకుంటూ అంది: "పో. గని రేపు గా అద్దాలు ఇంటికి తే."

అద్దాలకు నుదుటి వైపు పాత నూలు చీర పేలికను మడతపెట్టి కుట్టింది.

"ఏంది చంద్రన్నా, అద్దాలకు చీర కట్టినవ్?" అని ల్యాబులో ఒకటే నవ్వు. ఉక్కలో చెమట కారింది, పేలిక పీల్చుకుంది. నీలం పలక మింగిందంతా ఒక్కసారి వదిలింది; ఎదురుగా పెట్టిన నల్ల కాగితం మీద టప్పుమని చిన్న మెరుపు. చంద్రయ్య చెయ్యి నుదుటి దగ్గరికి పోలేదు.

నెల తిరక్కముందే, నవ్వినవాళ్ల అద్దాలు కూడా చిల్కానగర్ చేరాయి. ఆ చీర అంచుదాకా అయిపోయింది.