మగ్గం ముందర అడిగిన ప్రశ్న

"వచ్చే సంవత్సరం మీ ఇంటి పరిస్థితి ఇప్పటికన్నా బాగుంటుందా, ఇట్లాగే ఉంటుందా, దిగజారుతుందా?" ధర్మవరంలో కొన్ని వందల గడపల్లో నేను ఈ ప్రశ్న అడిగాను. ఇప్పటికీ ఎవరైనా పలకరింపుగా "ఏమప్పా, అంతా బాగుండాదా?" అంటే చాలు, మాట మార్చేస్తాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. డిగ్రీ అయిపోయి, పెనుకొండలో అద్దె గదిలో ఉంటూ పిల్లలకు ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి. బెంగళూరు నుంచి ఒక సర్వే కంపెనీ వచ్చింది. జనానికి రేపటి మీద ఎంత నమ్మకముందో, ఏమైనా కొనే ధైర్యముందో కనుక్కోవడం వాళ్ళ పని. టీవీలు, మోటారు సైకిళ్ళు అమ్మేవాళ్ళకు అది తెలియాలట. నేతపనివాళ్ళ బిడ్డను, ధర్మవరం సందుగొందులన్నీ తెలిసినవాణ్ణి అని నన్ను తీసుకున్నారు. మెడలో కార్డు వేసుకొని తిరుగుతుంటే కలెక్టరునైపోయినంత పొగరు నాకు.

సర్వే రెండు విడతలు. మొదటిసారి పోయినప్పుడు షావుకార్లు పట్టు ఇవ్వడం ఆపేసి ఉన్నారు, సగం మగ్గాలు ఖాళీ. జనం వీధి అరుగుల మీద కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పారు. "ఇంకేం బాగుపడ్తాంలేప్పా, రాసుకో" అన్నారు. రెండోసారికి పెళ్ళిళ్ళ కాలం దగ్గరపడింది. ఏటా ఇచ్చినట్టే షావుకార్లు పట్టు ఇచ్చారు, ప్రతి ఇంట్లోనూ మగ్గం మీదికి పడుగు ఎక్కింది. పడుగంటే చీరకు నిలువుగా సాగే దారాలన్నీ. నేసేవాళ్ళు కాళ్ళు దించుకొని కూర్చునే మగ్గం గుంతలోంచి లేవలేరు కాబట్టి నేనే లోపలికి పోయి మగ్గం పక్కన కూర్చొని అడిగాను. ఈసారి అందరిదీ ఒకటే జవాబు, "బాగుంటాది". కారే ఇంటికప్పు కింద గిన్నె పెట్టుకున్న ఒక అవ్వయితే, కలర్ టీవీ కొంటారా అని అడిగితే "కొనకుండా ఏం, రాసుకో నాయనా" అంది.

మా వీధిలో ఒక ఆచారం ఉండేది. పడుగు మగ్గం మీద ఉన్నంతకాలం దాని ముందర చెడ్డ మాట అనకూడదు. లేదు, కాదు, పోదు అనే మాటలు అక్కడ నోటికి రాకూడదు. చిన్నప్పుడు మగ్గం పక్కన కూర్చొని "ఈ రంగు ఎవరూ కొనరు" అన్నందుకు అమ్మ నా నెత్తిన మొట్టి, మగ్గానికి దండం పెట్టించింది. అంత తెలిసినవాణ్ణి, ఫారాలు చేతికి రాగానే అన్నీ మరిచిపోయాను. చదువుకున్న ఎద్దును నేను!

బెంగళూరు నుంచి వచ్చిన సూపర్‌వైజరు రెండు విడతల కాగితాలూ పక్కపక్కన పెట్టి ఎగిరి గంతేశాడు. "మీ ఊరు లేచి కూర్చుందప్పా! జనానికి ధైర్యం వచ్చేసింది, మార్కెట్ కోలుకుంది" అని నా వీపు తట్టాడు. నేనూ నమ్మాను. నమ్మడమేమిటి, పొంగిపోయాను.

మా అక్క మొగుడిది కూడా ధర్మవరమే, ఆయనా నేతగాడే. ఫారం పట్టుకొని వాళ్ళింటికీ పోయాను. బావ మగ్గం ఆపకుండానే నావైపు ఒకసారి చూసి, "బాగుంటాది, రాసుకో" అన్నాడు. ఆ సాయంత్రమే నన్ను బయటికి రమ్మన్నాడు. టీ ఇంట్లోనే పెడతానని అక్క అంటున్నా వినకుండా, రైల్వే స్టేషన్ దగ్గరి టీ బంకు దాకా నడిపించుకొని పోయాడు.

"హిందూపురం ఫ్యాక్టరీలో గోడౌన్ పని ఉండాదంట. నలభై దాటినోళ్ళను తీసుకోరంట. నాకింక రెండు నెలలే ఉండాది. సోమవారం లోపల చెప్పల్ల" అన్నాడు. టీ గ్లాసు చేతికి తీసుకొని, "నువ్వు ఇన్ని ఇండ్లు తిరిగినావు. నిజం చెప్పు, ఏమంటాండారు జనం?" అని అడిగాడు.

"బాగుంటాదనే అంటాండారు బావా. పోయినసారికీ ఈసారికీ చానా తేడా. బంగారట్లా పని పెట్టుకొని గోడౌన్లో మూటలు మోస్తావా?"

"అందరూ అట్లే అంటాండారా?"

"ఊరు ఊరంతా."

బావ గ్లాసులో మిగిలిన టీ నేలమీద పారబోశాడు. తరువాత "సరేలే అయితే" అని లేచాడు. హిందూపురం పోలేదు.

ఆ పెళ్ళిళ్ళకు చీరలు బాగానే పోయాయి. అంగళ్ళు కళకళలాడాయి. ఆ తరువాతి సంవత్సరం అవే అంచులతో మరమగ్గాల చీరలు వచ్చిపడ్డాయి, సగం ధరకు. షావుకార్లు పట్టు ఇవ్వడం తగ్గించారు. అక్కావాళ్ళ వీధిలో ఒక్కొక్క ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోతూ వచ్చింది. ఆ వీధిలో నడవాలంటే నాకు భయమేసేది. మేం రాసిందంతా అబద్ధమని కాదు. జనం నిజంగానే ధైర్యంగా ఉన్నారు. కోలుకోవాలని అంత గట్టిగా అనుకున్నారు, మేం దాన్ని కోలుకోవడమని రాసుకున్నాం.

బావ ఇంకో అయిదారేళ్ళు లాగాడు. చివరికి మగ్గం విప్పేసి, బెంగళూరులో కడుతున్న అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా పోయాడు. సిమెంటు దుమ్ములో, రేకుల షెడ్డులో పడుకునేవాడు. దగ్గు పట్టుకుంది. రెండో చలికాలం దాటలేదు.

దినం అయిన మరుసటి రోజు, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, అక్క కాళ్ళ దగ్గర కూర్చొని ఏడ్చాను. "నేనే అక్కా, ఊరంతా బాగుంటాదంటాంది అని చెప్పి ఆపినాను" అన్నాను. ఆమెకు ఈ సంగతి తెలియదనుకున్నాను.

"తెలుసు లేరా" అంది అక్క. ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు. "మీ బావ నిన్ను అంత దూరం ఎందుకు పిలుచుకొని పోయినాడనుకుంటివి? బాగుంటాదనే మాట వినేదానికైతే ఇంట్లో నేను లేనా? మగ్గం ముందర బాగుండదనే మాట ఆయప్ప నోటికీ రాదు, నా నోటికీ రాదు. నువ్వన్నా బయట, ఈ మగ్గం వద్దు, హిందూపురం పో అంటావేమోనని ఆశ పడినాడు."

నేను లేవబోతే అక్క చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"హిందూపురం పోనీకి బట్టలన్నీ పెట్టెలో సర్దిపెట్టుకున్న్యాడురా అప్పటికే. నీతో మాట్లాడి వచ్చినాక, ఒగ మాట మాట్లాడకుండా, అన్నీ ఎత్తి మళ్ళా దండెం మీద వేసినాడు."