పువ్వులకి సలేస్తందా

ఆసుపత్రి నుంచి ఖాళీ చేతులతో ఇంటికి వచ్చిన రోజు మా అమ్మాయి వీధి గుమ్మంలో కూర్చుని చెప్పులు వరసగా పేర్చుకుంటోంది. దానికప్పుడు నాలుగేళ్ళు. తమ్ముడొస్తాడని నెలల తరబడి మేమే చెప్పిపెట్టాం. ఆటో దిగిన నన్నూ, నా వెనక సంచి పట్టుకున్న వాళ్ళ నాన్ననూ మార్చి మార్చి చూసింది.

"తమ్ముడు రానేదా?" అంది.

"రానేదు."

"నువ్వొచ్చీసినావు కదా," అని మళ్ళీ చెప్పుల పనిలో పడిపోయింది.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. మావారు స్టీల్ ప్లాంటు కడుతున్న చోట ఒక కాంట్రాక్టరు దగ్గర ఎలక్ట్రీషియన్. కూర్మన్నపాలెంలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. రోజంతా లారీలు తిరిగేవి. ఆరేసిన బట్టల మీదా, బిందె మూత మీదా ఎర్రదుమ్ము ఒక పొరగా పడేది.

బిడ్డ కడుపులోనే పోయాడు. నాకు మత్తు వదిలేసరికి అంతా అయిపోయింది. నేను వాణ్ణి చూడలేదు. చూడకపోవడమే మంచిదని పెద్దవాళ్ళెవరో అనుకున్నారు. నేనూ అడగలేదు. అడగాలని కూడా అనిపించలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఏడిస్తే వాళ్ళకు మంచినీళ్ళిచ్చాను. ఒకరోజు పెనం అంచు తగిలి చెయ్యి కాలింది. సాయంత్రం బొబ్బ చూసుకున్నాకే కాలిందని తెలిసింది.

మూడో రోజుకు పాలు పడ్డాయి. బిడ్డ లేడన్న సంగతి ఒంటికి ఎవరు చెప్తారు. ఊరి నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు మల్లెపూలు తెప్పించారు. వాటిని రొమ్ముల మీద పరిచి, పాత చీర చింపి బిగించి కట్టారు. పాలు ఇంకిపోవడానికి మావైపు అలాగే చేస్తారు. మా అమ్మాయి మంచం పట్టె పట్టుకుని అంతా చూసింది. పువ్వులు తలలో కదా పెట్టుకుంటారని అడిగింది. నీకెందుకు, అవతలికెళ్ళి ఆడుకోమని అత్తగారు కసిరారు. అది కదలలేదు. ఆ కట్టు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది.

"పువ్వులకి సలేస్తందా, నానమ్మా?"

మంచి ఎండాకాలం. ఇంటి రేకులు మధ్యాహ్నం చిటపటమనేవి. అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. అక్కడ ఆవిడ ముక్కు చీదుకోవడం నాకు వినిపించింది. ఇక జవాబు చెప్పాల్సింది నేనే.

"సలేస్తంది," అన్నాను.

అది వెళ్ళి తన చిన్న దుప్పటి తెచ్చి నా గుండెల మీద కప్పింది. చెమట కారిపోతున్నా చాలాసేపు అలాగే పడుకున్నాను. తీసెయ్యాలని తోచలేదు.

జెన్ అనే మాట నాకప్పటికి తెలియదు. కొన్నేళ్ళకు ఒక వారపత్రికలో దాని గురించి చదివాను. ఆ బౌద్ధ గురువుల మాటలు తలాతోకా లేనట్టుంటాయట. వాటిని విన్న శిష్యుడు ఉన్నచోటనే ఉలిక్కిపడి మేలుకుంటాడట. ఇలాంటివి మా ఇంట్లో రోజూ విన్నాను కదా అనుకున్నాను. కాకపోతే నేను మేలుకోలేదు. విన్నానంతే.

నెల దాటాక అత్తగారు ఊరెళ్ళిపోయారు. ఒక సాయంత్రం మావారు డ్యూటీ నుంచి వచ్చి పెరట్లో తడక చాటున స్నానం చేస్తున్నారు. నేను గోడకు జారగిలబడి ఉన్నాను. అమ్మాయి లక్కపిడతలు ముందేసుకుని వంట చేస్తోంది. వేలెడంత గ్లాసొకటి రెండు చేతులతో పట్టుకొచ్చి నాకిచ్చింది.

"టీ తాగు."

గ్లాసులోకి చూశాను. ఆ ఓపిక నాకెక్కడిదో తెలియదు. "ఇందులో ఏటీ నేదు కదే," అన్నాను.

"ఏటీ నేదు. తాగు."

"ఏటీ నేకపోతే ఎలాగ తాగాల?"

నీకీ మాత్రం తెలియదా అన్నట్టు చూసి, "నెమ్మదిగా. కాలతాది," అంది.

నేను నవ్వాను. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, అది నవ్వేనని తర్వాత అర్థమైంది. తడక అవతల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. ఆయన మగ్గు పట్టుకుని అలాగే నిలబడిపోయి ఉంటారు. కాసేపటికి మళ్ళీ నీళ్ళు పోసుకున్నారు.

ఆ పూటే భోజనాల దగ్గర అమ్మాయి అన్నం కెలుకుతూ వాళ్ళ నాన్నను అడిగింది.

"నాన్నా, తమ్ముడు ఏ బస్సుకి ఎల్లిపోనాడు?"

మా ఇద్దరి చేతులూ ఆగాయి. ఆయన నా వైపు చూడలేదు.

"బస్సుకి కాదమ్మా. ఆటోలో. నా ఒళ్ళో పడుకొని ఎల్లినాడు."

"కిటికీ పక్కనా?"

"ఆటోకి కిటికీ ఉండదు."

"అయితే గాలేసుంటాది," అంది. ఆ సమాధానంతో దానికి తృప్తి కలిగినట్టుంది. అన్నం తినడం మొదలుపెట్టింది.

ఆయన అన్నం కలుపుతూ, "ఏసింది. గాలి బాగా ఏసింది," అన్నారు.

అప్పుడు చెప్పారు, కంచంలోకి చూస్తూ. తన నీలం గళ్ళ చొక్కాలో చుట్టి తీసుకెళ్ళారట. ఆ చొక్కా ఇంట్లో లేదని నేను గమనించనే లేదు. శ్మశానంలో కాపలా మనిషి పేరడిగితే, ఇంకా పెట్టలేదన్నారట. గొయ్యి చిన్నది కదా, తవ్వడం తొందరగా అయిపోయిందట. అంతవరకు చెప్పి గ్లాసెత్తి నీళ్ళు తాగారు.

"తిరిగొస్తంటే ఆకలేసింది," అన్నారు. "హోటల్లో కూకుని ఇడ్లీ తిన్నాను. రెండు ప్లేట్లు. నీకు సెప్పనేకపోనాను."

ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేశాను. ఆయన తిన్నారు.

దాంతో నాకు అంతా బాగైపోయిందని చెప్పను. వానలు పడ్డాక ఒకరోజు సిటీ బస్సులో నా పక్కన కూర్చున్నామె టిక్కెట్టుకు చిల్లర తీసుకుంటూ, కాస్త పట్టుకోమ్మా అని తన పసిబిడ్డను నా ఒళ్ళో పెట్టింది. బిడ్డ వెచ్చగా ఉంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నోట్లో కొంగు కుక్కుకున్నా ఆగలేదు. ఆమె గాభరాపడి బిడ్డను లాక్కుని, ముందు సీటులోకి మారిపోయింది. ఆమెను తప్పుపట్టలేదు. దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచాను.

తర్వాత మాకు పిల్లలు కలగలేదు. అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చాక, ఒక సెలవు రోజున దాని పక్కన కూర్చుని చిన్నప్పుడు అది అన్న మాటలన్నీ చెప్పాను. శ్రద్ధగానే విన్నది. ఒక్కటీ గుర్తులేదంది. మరి ఆ రోజులవి ఏమైనా గుర్తున్నాయా అని అడిగాను.

"జడలు," అంది. "అప్పుడు నాకు జడలు నాన్నే ఏసేవోడు. ఒకటి పైకి ఉంటే ఒకటి కిందకుండీది."

ఆయన దానికి జడలు వేశారని నాకప్పటిదాకా తెలియదు. ఆ నెలల్లో పిల్ల తల ఎవరు దువ్వుతున్నారన్న ఆలోచనే నాకు రాలేదు.