గాలికి బియ్యం బస్తాలు

మా ట్రైలర్ సముద్రానికి దగ్గర్లో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండేది. మేముండే క్యారీ ఊరి నుంచి మూడు గంటల దారి. కారు వెనక తగిలించుకుని తిరగాల్సిన ఇల్లది. మేం మాత్రం ఏడాది పొడుగునా ఒకే చోట ఉంచేశాం. మా ఇంట్లో మిగతావన్నీ ఇద్దరం కలిసి కొన్నవి. దీన్ని మా ఆవిడ ఒక్కతే చూసి, నచ్చి, బేరమాడి కొంది.

పెనుగాలులు వస్తున్నాయంటే ముందుగా వెళ్ళి దాన్ని భద్రం చేసేది కూడా ఆమే. నేను సాయం. తలుపు ముందున్న గుడ్డపందిరి చుట్టి తాడుతో కట్టేది. చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టేది. నాలుగు మూలలా జాకీలు దింపేది. నేలలో దిగ్గొట్టిన మేకులకు పట్టీలు బిగించేది. బరువు కోసం నీళ్ళ ట్యాంకు నింపేది. ఆఖర్న, ఇంటినుంచి తెచ్చిన సోనా మసూరి బస్తాలు లోపల, చక్రాలకు సరిగ్గా పైన పడుకోబెట్టేది.

"ట్యాంకు నిండా నీళ్ళున్నాయి కదా. ఈ బియ్యం ఎంత బరువని?" అన్నానొకసారి.

"కరెంటు పోతే నీళ్ళు తింటారా?"

"తుఫానుకొచ్చావా, పిక్నిక్‌కొచ్చావా?"

"రెండిటికీనండీ. ముందు ఆ పట్టీ లాగండి."

మా ఆవిడ చనిపోయిన ఏడాదే, వేసవి చివర్లో మళ్ళీ తుఫాను హెచ్చరిక వచ్చింది. మా అమ్మాయి ఫోన్ చేసింది.

"వెళ్ళకు నాన్నా. ఇన్సూరెన్స్ ఉంది కదా. పోతే పోనీ."

"వాళ్ళు ఇంకో ట్రైలర్ ఇస్తారమ్మా. ఇది ఇవ్వరు."

"ఓకే. నేనూ వస్తా. గాలి స్టార్ట్ అయ్యే ముందే రిటర్న్ అయిపోవాలి. ప్రామిస్?"

ఇంట్లో బస్తా లేదు. ఒక్కడికి చిన్న సంచి చాలుతోంది. దారిలో ఇండియన్ స్టోర్ దగ్గర ఆగి రెండు పెద్ద బస్తాలు తీసుకున్నాను.

"అందరూ వాటరూ బ్రెడ్డూ పట్టుకెళ్తున్నారు, మీరేంది సార్, ఫంక్షనా?" అన్నాడు కౌంటర్‌లో ఉన్నాయన.

"ట్రైలర్‌లో పెట్టడానికి. గాలికి కదలకుండా."

ఆయన నన్ను ఒకసారి చూసి, బస్తాలు కార్లో పెట్టించాడు.

ట్రైలర్ దగ్గర అమ్మాయీ నేనూ కలిసి అన్నీ చేశాం. పట్టీలు తను బిగించింది, నేను లాగి చూశాను. బస్తాలు తలుపు పక్కన పెడుతుంటే ఆపింది.

"అక్కడ కాదు నాన్నా. అమ్మ ఇక్కడ పెడుతుంది."

చక్రాల పైకి తనే జరిపింది. గాలి మొదలవకముందే బయల్దేరాం.

తుఫాను దాటిపోయి దారులు తెరిచాక మళ్ళీ వెళ్ళాం. పైన్ కొమ్మలు రోడ్డంతా పడున్నాయి. మలుపు దగ్గర కారు నెమ్మది చేశాను. ట్రైలర్ ఉన్నచోటే ఉంది. ఒక పట్టీ వదులైంది. కిటికీ అంచున కాస్త తడి. అంతే.

క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు లేదు. అమ్మాయి ఒక బస్తా విప్పి, గ్యాస్ పొయ్యి వెలిగించి, ట్యాంకు నీళ్ళు పట్టింది.

"వాటర్ ఎంత పొయ్యాలి?"

"వేలు పెట్టి చూడు. మొదటి గణుపు దాకా."

అన్నం కొంచెం మెత్తబడింది. మా ఆవిడ దాచిన ఆవకాయ సీసా అలమరలో ఉంది. మెట్ల మీద కూర్చుని తిన్నాం.

"ఇంకో బ్యాగ్ ఇంటికి తీసుకెళ్దామా?"

"ఉండనీ. తుఫాన్ల కాలం ఇంకా అయిపోలేదు."