బెల్లంపల్లి మైదానంలో తెగిన కూత

పదవీ విరమణకు రెండేళ్లు ఉండగా, వేసవి సెలవులు మొదలైన వారంలో, నన్ను మా ప్రాంతపు కబడ్డీ లీగుకు రిఫరీగా వేశారు. అప్పటికి నేను కరీంనగర్‌లో ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌ని. పంద్రాగస్టుకు జెండా కర్ర పాతించడం, మిగతా రోజుల్లో పరీక్ష గదుల్లో తిరగడం నా ఉద్యోగమని తోటి లెక్చరర్ల అభిప్రాయం. అది పూర్తిగా తప్పని నేను అనను. సెలవుల్లో మాత్రం నా మెడలో ఈల ఉండేది. ఈల ఉన్నవాడి మాట జనం వింటారని నాకొక నమ్మకం ఉండేది. ఆ ఏడాది అది కొంత సడలింది.

ఆటగాళ్లను ఇచ్చేవి ఊళ్లే అయినా, ఆ లీగును నిలబెట్టింది గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు. జెర్సీలు వాళ్లు పంపినవే, కోర్టులో పరిచే మ్యాట్ వాళ్లు కొన్నదే. ఆటను ఫోన్లలో చూసేవారు, చూసి ఊరుకునేవారు కాదు. ఒకసారి దమ్మాం నుంచి ఒకాయన ఫోన్ చేసి, లాబీలో ముందు ఎవరి కాలు పడిందో నాకు వివరించాడు. లాబీ అంటే కోర్టుకు రెండు వైపులా ఉండే పట్టీ. రైడర్‌కీ ఎదుటివాళ్లకీ తాకిడి జరిగాకే అందులో కాలు పెట్టాలి. ఆ కాలు పడ్డప్పుడు నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను, ఆయన సముద్రం అవతల ఉన్నాడు. ఆయనకే స్పష్టంగా కనిపించిందట.

ఆ ఏడాది లీగులో కొత్తగా బెల్లంపల్లి జట్టును చేర్చారు. దాంతో అభిమానులకు చేతినిండా పని దొరికింది. గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, సగం క్వార్టర్లకు తాళాలున్నాయి, అక్కడ ఆట చూసేదెవరని కరీంనగర్ వాళ్ల వాదన. మీరు పుట్టకముందే మేం బొగ్గు మసిలో చెడుగుడు ఆడినమని బెల్లంపల్లి వాళ్ల జవాబు. తర్వాతి గొడవ పట్టుల గురించి. కాళ్లతో కత్తెర వేసి రైడర్‌ని బిగించడం నిబంధనల్లో నిషిద్ధం. అది తీసేస్తే ఇక ఆటలో మిగిలేదేమిటని బెల్లంపల్లి పెద్దమనుషులు నన్ను నిలదీశారు. కరీంనగర్ మంకమ్మతోటలో నేను జుట్టు కత్తిరించుకునే సెలూన్‌లో యజమాని ఒక పక్క కత్తిరించి, మడమ పట్టు మీద చర్చ తేలేదాకా రెండో పక్క ముట్టుకోలేదు. చర్చ తేలలేదు. మిగతా సగం వాళ్ల తమ్ముడు కత్తిరించాడు.

అన్నిటికన్నా ముదిరింది ఒప్పందాల తగాదా. ఒక ఆటగాడు ఒక జట్టుకు రెండు సీజన్లు ఆడతానని సంతకం పెడితే మధ్యలో మారడానికి లేదు. చొప్పదండి జట్టుకు ఓదెలు అనే రైడర్ ఉండేవాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, మోకాళ్లకు ఎప్పుడూ పట్టీలుండేవి. పుట్టి పెరిగింది బెల్లంపల్లి గని కాలనీలో. సంతకం పెట్టే నాటికి సొంతూరికి జట్టే లేదు. చొప్పదండి మేనేజర్ హన్మంతుకు విత్తనాల దుకాణం, దానికి తోడు ఒక ప్రైవేటు బడి ఉన్నాయి. ఆ బడిలోనే ఓదెలుకు ఆటల సారు ఉద్యోగం ఇచ్చాడు. భార్యాపిల్లలతో అతను అక్కడే కాపురం పెట్టాడు. బెల్లంపల్లికి జట్టు రాగానే మనూరోడు మనకే ఆడాలని ఒక వర్గం, సంతకానికి విలువ లేదా అని ఇంకో వర్గం కొట్టుకున్నాయి. ఓదెలును మాత్రం ఎవరూ అడగలేదు. అతను చొప్పదండి జెర్సీ వేసుకుని వచ్చి ఆడుతున్నాడు.

చొప్పదండికీ బెల్లంపల్లికీ మ్యాచ్ బెల్లంపల్లి పాత కాలనీ మైదానంలో, ఎండ తగ్గాక పెట్టారు. కోర్టుకు రెండు పక్కలా ఇద్దరు అంపైర్లుంటారు. ఇద్దరూ ఒకే మాట చెబితే రిఫరీకి పని లేదు. చెరో మాట అంటే రిఫరీ మాటే చివరిది. రైడర్ ఎదుటి కోర్టులో ఉన్నంతసేపూ ‘కబడ్డీ కబడ్డీ’ అని ఆపకుండా, వినపడేలా పలకాలి. దాన్నే కూత అంటాం. కూత తెగితే ఔట్. పట్టుబడినా సరే, కూత తెగకుండా మధ్యగీతను వేలితో తాకితే చాలు, పట్టుకున్నవాళ్లందరూ ఔట్.

చొప్పదండి రెండు పాయింట్లు వెనకబడి ఉంది. చివరి కూతకు ఓదెలు వెళ్లాడు. ముగ్గురు అతని మీద పడ్డారు, ఒకడు మడమ, ఒకడు నడుము, ఒకడు తొడ. నడుము పట్టుకున్నవాడు ఓదెలుతో చిన్నప్పుడు ఒకే క్వార్టర్ల వరసలో పెరిగినవాడే. ఓదెలు వాళ్లను మోసుకుంటూ గీత వైపు జరుగుతున్నాడు. గీత మూరెడు దూరంలో ఉంది. చొప్పదండి నుంచి రెండు ట్రాక్టర్లలో వచ్చిన జనం లేచి నిలబడ్డారు. అప్పుడు గని సైరన్ మోగింది. ఊరన్నాక ఏవో చప్పుళ్లుంటాయి. నేను దాన్ని పట్టించుకోలేదు.

ముగ్గురి పట్లూ ఒక్కసారిగా సడలాయి. ఓదెలు గీత మీద చెయ్యి వేస్తే మూడు పాయింట్లు, మ్యాచ్ చొప్పదండిది. అతను చెయ్యి వెయ్యలేదు. కూత కూడా ఆపేసి అలాగే నిలబడ్డాడు. ఒక అంపైర్ ఔట్ అన్నాడు. రెండో అంపైర్ పట్లు సడలడం చూస్తూ కూత సంగతి వదిలేశాడు, అతనికి ఏం చెప్పాలో తోచలేదు. నేను ఈల వేసి, కూత తెగింది కాబట్టి రైడర్ ఔట్ అని ప్రకటించాను. బెల్లంపల్లి గెలిచింది.

తీర్పు మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అంత పెద్ద గొడవలో నా తీర్పును ఒక్కడూ తిట్టకపోవడం నా సర్వీసులో అదే మొదటిసారి, అందుకే నాకు అనుమానం వచ్చింది. కోపమంతా ఓదెలు మీదికి మళ్లింది. సొంతూరి కోసం కావాలనే కూత ఆపాడని హన్మంతు అక్కడే మైకు తీసుకుని నలుగురిలో అన్నాడు. రాత్రికల్లా ఆ మాట గల్ఫ్ దాకా పోయింది. లీగు నిబంధన సూటిగా ఉంటుంది: కావాలని ఓడినట్టు తేలితే ఏ జట్టుకూ జీవితాంతం ఆడకూడదు. దొంగాట ఆడినవాణ్ణి పిల్లల ముందు నిలబెట్టే బడి ఏదీ ఉండదు. అంటే ఆట, ఉద్యోగం, చొప్పదండిలో కాపురం, మూడూ ఒకే మాట మీద ఆధారపడ్డాయి. ఆ మాట రాయాల్సింది నేను.

విచారణ మరుసటి రోజు బెల్లంపల్లిలోనే పెట్టాను. రెండు జట్లకూ చెందని చోటు కావాలంటే మెథడిస్టు చర్చి పక్కనున్న హాలు తప్ప ఇంకొకటి దొరకలేదు. పొద్దున అక్కడ పాటల అభ్యాసం ఉందని పాస్టరుగారు చెప్పడంతో సాయంత్రానికి వాయిదా పడింది. ఆ వేళను నేను తెలివిగా ఎంచుకున్నానని తర్వాత కొందరు మెచ్చుకున్నారు. అందులో నా తెలివి ఏమీ లేదు.

హాల్లో నేను, అంపైర్లు, హన్మంతు, బెల్లంపల్లి మేనేజర్ దేవదానం, ఓదెలు కూర్చున్నాం. దేవదానం గనిలో సర్దారుగా పనిచేసి రిటైరైనవాడు. సర్దారు అంటే భూమి లోపల ఒక జట్టు పనివాళ్ల భద్రతకు బాధ్యుడు. పాస్టరుగారు హాలు తాళం కోసమని వచ్చి, తాళం చేతిలో పట్టుకుని చివరిదాకా ఉండిపోయారు.

కూత ఎందుకు ఆపావని ఓదెలును అడిగాను.

“తెల్వది సారు. ఊపిరి ఆడలేదేమో.”

హన్మంతు నవ్వాడు. ముగ్గురు మీద పడ్డా అరనిమిషం సేపు కూత పెట్టగల మనిషి ఇతనని, ఊపిరి సరిగ్గా గీత దగ్గరే అయిపోయిందా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఓదెలు తల దించుకుని మోకాలి పట్టీ సర్దుకుంటున్నాడు. ఇక పట్లు ఎందుకు సడలాయని దేవదానాన్ని అడిగాను. పిల్లలు అలసిపోయిండ్రని చెప్పి, కిటికీ వైపు చూశాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు గాని, కాగితం మీద దాన్ని కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

హన్మంతు గొంతు పెంచాడు. ఉద్యోగం ఇచ్చాను, ఇల్లు చూసిపెట్టాను అంటుంటే, చేసిన మేలును ఇలా చాటుకోవడం మీకే చెల్లిందని దేవదానం ఎదురు అరిచాడు. ఓదెలు కూడా మొదటిసారి హన్మంతు ముందు గొంతు లేపి, “పటేలా, నేను గసొంటోన్ని గాదు, నా పిల్లల మీద” అంటున్నాడు.

సైరన్ మోగింది.

దేవదానం అరుపు సగంలో ఆగింది. ఓదెలు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. పాస్టరుగారి చేతిలో తాళం చప్పుడు ఆగింది. బయట చాయ్ పోస్తున్నవాడు కెటిల్ వంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ హాల్లో వినపడుతున్నది హన్మంతు గొంతు ఒక్కటే. నాలుగు మాటలు అన్నాక, తాను ఒంటరిగా మాట్లాడుతున్నట్టు గమనించి ఆయన కూడా ఆగాడు. సైరన్ ముగిసింది. ఎవరూ కదల్లేదు. ఇంకొంచెంసేపు గడిచింది. తర్వాత చాయ్ గ్లాసులో పడింది, పాస్టరుగారి తాళం గలగలమంది, ఓదెలు “ఒట్టు, పటేలా” అని ఆగినచోటి నుంచే అందుకున్నాడు.

నేను అతన్ని ఆపి, ఇప్పుడు నువ్వేం చేశావని అడిగాను. అతను నా వైపు, అంపైర్ల వైపు చూశాడు. అతనికి నా ప్రశ్న అర్థం కాలేదని ముఖమే చెబుతోంది.

“ఏం జేసిన సారు?”

దేవదానం ఇక దాచి లాభం లేదని చెప్పాడు. వేళకు సైరన్ ఒక్కసారి మోగితే షిఫ్టు మారినట్టు. ఆగి మళ్లీ మోగితే లోపల ఏదో జరిగినట్టు. అందుకని కాలనీలో మొదటిది మోగగానే ఎక్కడివాళ్లక్కడ ఆగి, రెండోది వస్తుందా అని వింటారు. ఆటలోనైతే పట్టు వదిలేస్తారు, కూత ఆపేస్తారు, రెండోది రాకపోతే ఆ కూత మళ్లీ మొదలుపెడతారు. ఈ సంగతి నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే ఆ కూత మళ్లీ ఆడించమంటారని, గెలిచిన మ్యాచ్ పోతుందని భయపడ్డానని ఒప్పుకున్నాడు. మనిషి బతుకు కన్నా మ్యాచ్ ఎక్కువైందా అని నాకు నిజంగానే ఒళ్లు మండింది, ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను.

హన్మంతు కుర్చీ ఓదెలు వైపు తిప్పాడు. ఈసారి గొంతు పెంచలేదు.

“మీ బాపు ఇంక గని పనిల ఉన్నడా?”

“లేడు పటేలా. సచ్చిపోయి ఐదేండ్లాయె. ఇంట్లనే, జరమొచ్చి.”

“మరి ఎవరి కోసం ఇంటున్నవ్?”

ఓదెలు ఆలోచించాడు. “నేను ఇంటున్ననని నాకే తెల్వది పటేలా” అన్నాడు.

నివేదికలో కూత తెగిందని, అది కావాలని చేసింది కాదని రాసి సంతకం పెట్టాను. ఫలితం మారలేదు. నిబంధనల పుస్తకానికి రిఫరీ ఈల తప్ప ఏ సైరనూ తెలియదు. మర్నాడు ఆట మొదలయ్యే ముందు హన్మంతు మళ్లీ మైకు అడిగాడు. ఇస్తే ఏమవుతుందోనని నిర్వాహకులు జంకారు గాని, నేను ఇప్పించాను. ఆయన ఒక్క మాటే మాట్లాడాడు.

“ఓదెలును నలుగుట్ల దొంగన్న. నలుగుట్లనే ఆ మాట ఎనక్కి దీసుకుంటున్న.”

ఓదెలు ఒప్పందం ప్రకారం రెండు సీజన్లూ చొప్పదండికే ఆడాడు. ఇప్పటికీ ఆ బడిలోనే ఉన్నాడు. బెల్లంపల్లిలో మ్యాచ్‌లు షిఫ్టు మారాక మొదలుపెట్టాలని సాంకేతిక సమావేశంలో తీర్మానించాం. సైరన్‌కు ఆట వేళ మార్చుకునే వెసులుబాటు బెల్లంపల్లికి ఉంటే, బస్సు హారన్‌కు మాకెందుకు ఉండకూడదని ఆ సాయంత్రమే కరీంనగర్ అభిమానులు వాదన ఎత్తుకున్నారు. దమ్మాం ఆయన వాళ్లను సమర్థించాడు.

ఆ రైడర్ ఔట్ అన్న తీర్పు సరైనదే, ఇవాళైనా అదే ఇస్తాను. నేను నేర్చుకున్నది ఆ తీర్పు పక్కన హన్మంతు చేర్చమన్న ‘కావాలని’ అన్న ఒక్క మాట గురించి. ఆ మాట రాసి ఉంటే పుస్తకంలోని ఏ నిబంధనా నన్ను తప్పుపట్టేది కాదు, ఒక ఇల్లు మాత్రం కూలిపోయేది. తర్వాత కొత్త రిఫరీలకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పేవాణ్ణి. కంటికి కనిపించింది, చెవికి వినిపించింది రాయండి. మనిషి మనసులో ఉన్నది రాయాల్సి వస్తే మాత్రం ముందు వాళ్ల ఊరికి వెళ్లి ఒక పూట కూర్చోండి అనేవాణ్ణి. దానికి టీఏ ఇస్తారా అని ఒకతను అడిగాడు. ఇవ్వరు, అయినా వెళ్లాలని చెప్పాను.