కరెంటు కోసం ఆగిన హారతి

ఈ సాయంత్రం అమ్మను పుంగనూరు దగ్గరి పాత శివాలయానికి తీసుకెళ్లాను. ఎప్పుడో రాజుల కాలంలో కట్టిన రాతి గుడి. పూజారి పళ్లెంలో కర్పూరం పెట్టి, డోలూ గంటలూ కలిసి మోగే మిషన్ స్విచ్ వేయబోతుండగా కరెంటు పోయింది. ఆయన అగ్గిపెట్టె పక్కన పెట్టేశాడు.

"రవ్వంతసేపు ఉండండప్పా, కరెంటు రానీ. ఉత్త చేతిగంటతో ఇస్తే జనానికి తృప్తి ఉండదు" అన్నాడు.

"హారతి జనానికా, దేవునికా సామీ?" అంటూ అమ్మ మంటపంలో వేలాడుతున్న పాత కంచుగంటను అందుకుంది. గంట ఊగింది గానీ మోగలేదు. లోపల నాలుక లేదు.

"మిషన్ వచ్చినాక దాన్ని కొట్టేవాళ్లు లేరమ్మా. తీసి యాడో పెట్టినాము."

అమ్మ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. అందరూ వింతగా చూశారు. ఒక్కరూ చేయి కలపలేదు. పక్కనే ఉన్న నేనూ సిగ్గుపడి ఊరుకున్నాను.

ఇంతలో కరెంటు వచ్చింది. మిషన్ హోరులో అమ్మ చప్పట్లు వినిపించకుండా పోయాయి. అప్పుడు మాత్రం అందరం భక్తిగా చేతులెత్తాం.

ఇంటికొచ్చినా మనసు కుదుటపడలేదు. మీ ఊరి గుడిగంటకు నాలుక ఉందా? ఈసారి వెళ్లినప్పుడు చూసి చెప్పండి.